మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసే మా అత్త

మా అత్త పోయింది. గురువారం పొద్దున మొదటి పీరియడ్‌లో, ఎనిమిదో తరగతి పిల్లలకు బోర్డు మీద పాఠం పేరు రాస్తుంటే ఫోన్ వచ్చింది. ఆదోని నుంచి, అత్త పక్కింటి మార్తమ్మ. "టీచరమ్మా, మీ అత్త లేదమ్మా. పొద్దున్నే టీ ఇచ్చేదానికి పోయి పిలిస్తే పలకలేదు" అంది. పాఠం పేరు అప్పటికి సగమే రాశాను. ఫోన్ పెట్టేసి మిగతా సగం కూడా రాశాను, పిల్లలను చదువుకోమన్నాను, అప్పుడు హెడ్మాస్టర్ గదికి వెళ్లాను. ఆ మిగతా సగం ఎందుకు రాశానో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో ఒక గంట. ఆ గంట దూరం పోవడానికి నేను అంతకు ముందు మూడు వారాల నుంచి వాయిదాలు వేస్తున్నాను. పరీక్ష పేపర్లు దిద్దాలి, ఎండ, బస్సులో సీటు దొరకదు, ఇట్లాంటివి. ఆ పొద్దు సీటు దొరికింది. బస్సు దాదాపు ఖాళీ.

మా అత్త అంటే మా నాయన అక్క. జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే పని చేసింది, చెయ్యగలిగినన్నాళ్లు. చదువు రాదు. సంతకం చెయ్యమంటే బొటనవేలు చాపేది. ఆమె మీద ఎవరైనా వ్యాసం రాస్తారని ఆమెకు చెప్పి ఉంటే, పనీపాటా లేదా అని కసిరేది. కానీ నేను ఇంతవరకూ చూసిన పాఠకులలో అంత గట్టి పాఠకురాలు ఇంకొకరు లేరు. పుస్తకం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు విడిచిపెట్టాలో, ఎందుకు విడవకూడదో నాకు తెలిసిందంతా ఆమె దగ్గర తెలిసిందే. అందుకని ఈ నాలుగు మాటలు.

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు వానలు పడలేదు. సి.బెళగల్ దగ్గర మా ఊళ్లో పనులు లేవు. మా అమ్మానాయనలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయారు. కరువు ఏడు వస్తే మా వైపు కూలి జనం మూటాముల్లె కట్టుకుని పనులున్న చోటికి పోవడాన్ని సుగ్గి అంటారు. నా చదువు పోతుందని నన్ను ఆదోనిలో అత్త దగ్గర విడిచిపెట్టారు. అత్తకు పిల్లలు లేరు. మామ మార్కెట్ యార్డులో హమాలీ. ఒక గది, ముందర వంట చేసుకునే చిన్న వసారా, వసారాకు ఆనుకుని మార్తమ్మ వాళ్ల గోడ. సంజ వేళకు అత్త మిల్లు నుంచి వచ్చేది. వాకిట్లోనే నిలబడి తల విప్పి, జుట్టులోని దూది దులుపుకుని, కాసేపు దగ్గి, అప్పుడు గడప దాటేది. పొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు తట్టేటప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది.

"ఊరికే కూసోకపోతే ఏదన్నా సదువు పాపా. నీ సదువు నాకూ ఇంత ఇనపడనీ" అంది ఒకరోజు. నేను సాంఘిక శాస్త్రం తీశాను. రెండు నిమిషాలు విని, పిండి చేత్తోనే ఆపింది. "ఇది నీకు మార్కులిచ్చేది. నాకు కత గావాల."

శాఖా గ్రంథాలయంలో నా పేరు మీద కార్డు తీసుకున్నాను. మొదటిసారి అట్ట మీద అందమైన బొమ్మ ఉన్న నవల తెచ్చి, ఎంతో గొప్పగా మొదటి పేజీ తెరిచాను. అత్త చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసుకుంది. అట్ట చూడనైనా చూడలేదు. ఎక్కడో నడుమ బొటనవేలు దూర్చి తెరిచి నా ముందర పెట్టింది.

"ఈడ సదువు."

"మొదటి నుంచి చదవాలత్తా. ఎవరు ఎవరో తెలియదు కదా."

"మొదట్లో అందరూ బాగనే పరుస్తారు లేమే" అంది.

ఆమె మాట నాకు అర్థం కావడానికి ఆదివారం దాకా ఆగాల్సి వచ్చింది. మామకు సద్ది ఇవ్వడానికి యార్డుకు వెళ్లినప్పుడు ఆమే చూపించింది. రైతులు పత్తి బోరేలు వరసగా దించి ఉన్నారు. బోరెం అంటే మనిషి దాక్కునేంత గోనెసంచి. పైన పరిచిన పత్తి మల్లెపూవులా ఉంటుంది. కొనేవాడు దాన్ని కన్నెత్తి చూడడు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని మోచేతి దాకా సంచిలోకి దూర్చి, నడిమి నుంచి ఒక పిడికెడు బయటికి తీస్తాడు. అందులోంచి చిన్న పింజ తీసి రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగుతాడు. పొడుగ్గా సాగితే మంచి పింజ. పుటుక్కున తెగితే కాదు. "సూసినావా? పుస్తకమైనా అంతే" అంది అత్త. పుస్తకం ఎట్లా చదవాలో నాకు తర్వాత కాలేజీలో చాలామంది చెప్పారు. వాళ్లెవరూ యార్డుకు తీసుకుపోయి చూపించలేదు.

అప్పటి నుంచి అదే పద్ధతి. నడిమి నుంచి అర పేజీ. ఎవరో ఎవరితోనో ఏదో అంటుంటారు, ముందు వెనుకలు మాకు తెలియవు. అయినా ఆ మాట అన్న మనిషి కళ్ల ముందు నిలబడితే అత్త తల ఊపేది. "ఊ, ఇప్పుడు మొదటికి పో." నిలబడకపోతే ఆ పుస్తకం మరునాడే గ్రంథాలయానికి. కథ ఆమెను పట్టుకుందా లేదా అని నేను అడగాల్సిన పని లేదు. రొట్టె తట్టే చప్పుడు వింటే చాలు. మొదట్లో టపటప గబగబా ఉండేది, కథ పట్టు దొరికే కొద్దీ నెమ్మదించేది. ఆగిపోయిందంటే పెనం మీది రొట్టె మాడినట్టే. మామ పళ్లెం ముందర కూర్చుని రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పొద్దు కత శానా మంచిదప్పా" అనేవాడు. పాపం, మంచి పుస్తకాలన్నీ ఆయన కడుపు మీదుగానే పోయాయి.

నచ్చకపోతే మాట్లాడేది కాదు. అరచెయ్యి తెచ్చి పేజీ మీద పెట్టేది. "సాల్లే." అంతే, ఆ పుస్తకానికి నూకలు చెల్లాయి. ఒకసారి అందరూ మెచ్చుకున్న నవల ఒకటి తెచ్చాను. అందులో ఆకలిగొన్న పిల్లలు పొయ్యి మీది నుంచి దించిన సంగటిని గబగబా మింగేస్తారు. అరచెయ్యి వచ్చి పడింది. "వేడి సంగటి పిల్లోల్లు అంచుల నుంచి గోక్కోని తింటారు. నోరు కాలదా? ఈయప్పకు ఆకలి తెలీదు, ఇంకేం సెప్తాడు" అంది. నేను వాదించాను. ఒక్క తప్పుకు పుస్తకమంతా విడిచిపెట్టడం అన్యాయం అన్నాను. "నేనేమన్నా ఆయప్పను కొడ్తానా, తిడ్తానా? నా పొద్దు నాది" అంది.

ఇంకోసారి అణా పెట్టి కొనదగని అపరాధ పరిశోధన పుస్తకం, పాత పేపర్ల అంగడిలో దొరికింది. నాకు పదో పేజీకే విసుగొచ్చింది. అత్త ఆపనివ్వలేదు. కారణం, అందులో మొదట్లోనే ఒక ముసలాయన చెప్పులు పోతాయి. హత్యలు జరుగుతున్నాయి, మోటారు కార్లు దూకుతున్నాయి, అత్తకు అవేవీ పట్టలేదు. "ఆ ముసలాయప్ప సెప్పులు దొరికినాయా?" అని ప్రతి సంజకూ అడిగేది. పుస్తకం అయిపోయింది. చెప్పుల మాట లేదు. "రాసినోడు మర్సిపోయినాడు సూడు! ఎండలో ముసలాయన్ని వట్టి కాళ్లతో నిలబెట్టి!" అని వారం రోజులు ఆ రచయితను తిట్టింది. కథలో ఎక్కడో ఒక చిన్న జీవి మీద దిగులు పుడితే చాలు, మనిషి కడదాకా కూర్చుంటుందని అప్పుడు నవ్వుకుంటూ తెలుసుకున్నాను. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

చివరి పేజీలు చిరిగిపోయిన పుస్తకమైతే ఆమెకు పండగ. ఇంతదాకా మంచి పింజే కదా, మిగతాది మనం ఏకుదాం అనేది. మరునాడు మిల్లులో పత్తి కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్లకు కథంతా చెప్పి, ఆ తర్వాత ఏమై ఉంటుందని అడిగేది. వాళ్ల చేతులు ఆకూ చెత్తా ఏరుతూనే ఉండేవట, నోళ్లు తలా ఒక ముగింపు చెప్పేవట. సంజకు వచ్చి నాకు అన్నీ అప్పగించేది. అచ్చయిన ముగింపుల కన్నా అవే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

నేను ఒకసారి మోసం చేశాను. పుస్తకం నాకు బాగా నచ్చింది, అత్త చప్పుడు చూస్తే టపటపా ఆగకుండా ఉంది. అరచెయ్యి పడుతుందేమోనని భయమేసి, లేని ఏడుపు ఒకటి సొంతంగా కల్పించి చదివాను. నాలుగు వాక్యాలు కూడా కాలేదు, చప్పుడు ఆగింది.

"అది పుస్తకంలో లేదు. నువ్వు నీళ్లు సల్లినావు."

తూకం పెరుగుతుందని కొందరు పత్తి మీద నీళ్లు చల్లుతారు. చూసేదానికి తెలియదు. లోపల మగ్గి నల్లబడుతుంది. చేతికి మాత్రం ముట్టుకోగానే తెలుస్తుందట. చెవికి కూడా తెలుస్తుందని ఆ పొద్దే చూశాను.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా మామ యార్డులో బస్తా దించి అక్కడే కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. ఇంటి నిండా జనం, ఒకటే ఏడుపు. అత్త ఏడ్వలేదు. మామ భుజం మీది తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, దానికి అంటుకున్న దూదిపోగులు ఒక్కొక్కటే ఏరి పక్కన కుప్ప పెట్టింది. పొద్దు గూకేదాకా అదే పని. ఒకరిద్దరు ముసలమ్మలు ఏడ్వవే అని గదిమారు కూడా. ఆమె తల ఎత్తలేదు.

తర్వాత నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, ఎమ్మిగనూరులో ఇల్లు కట్టుకున్నాను. రెండేళ్ల కిందట ఒక నవల రాశాను. అందులో సుగ్గికి పోయే కుటుంబం ఉంది, ఒక ఆడపిల్ల ఉంది, మిల్లులో పనిచేసే ఒక మేనత్త ఉంది. అచ్చు కాగానే మొదటి ప్రతి తీసుకుని ఆదోని వెళ్లాను. అప్పటికి అత్త మిల్లు మానేసింది. దగ్గు ఎక్కువైంది. ఇంట్లో కూర్చుని దీపాలకు వత్తులు చేసేది. నా పుస్తకానికి కూడా ఆమె మినహాయింపు ఇవ్వలేదు. నడుమ వేలు పెట్టి తెరిచింది. అర పేజీ చదివించింది. "ఊ, మొదటికి పో" అంది. ఏ పరీక్షలో పాసైనప్పుడూ అంత సంతోషపడలేదు నేను.

రెండు మధ్యాహ్నాలు చదివాను. నలభై మూడో పేజీలో మేనత్త మొగుడు చనిపోతాడు. అక్కడ ఆమె గుండెలు బాదుకుని ఏడుస్తుంది. మూడు పేజీల ఏడుపు. రాసేటప్పుడు నేనూ ఏడ్చాను, చదివిన వాళ్లు ఏడ్చామని ఫోన్లు చేశారు. మొదటి పేజీ సగానికి రాలేదు, అరచెయ్యి వచ్చి పడింది.

"సాల్లే పాపా. నీళ్లు సల్లినావు."

"అది కథ అత్తా."

"ఆ పొద్దు నేనేం సేసినానో నువ్వు సూసినావు గదా. పక్కనే ఉండావు."

చూశాను. చూసి కూడా రాయలేదు. తువ్వాలు మీది దూది ఏరుకునే మనిషిని చూసి పాఠకుడు ఏడుస్తాడో ఏడ్వడో అని నాకు నమ్మకం లేకపోయింది. ఆ మాట ఒప్పుకోవడానికి బదులు రోషం తెచ్చుకున్నాను. పుస్తకం గూట్లో పడేసి, బస్సుకు టైమైందని లేచాను. తర్వాత నెలకోసారి పోయేదాన్ని. పండ్లు, మందులు తీసుకుపోయేదాన్ని. ఏ పుస్తకమూ మళ్లీ చదివి వినిపించలేదు. ఆమె అడగనూ లేదు. రెండేళ్లు, ఒక్క పేజీ కూడా. ఆమె నా పుస్తకాన్ని విడిచిపెట్టేసిందని నేను నాలో నేనే బిగుసుకుపోయి కూర్చున్నాను. సిగ్గుపడి చెబుతున్నాను, ఆమె దగ్గు కన్నా నన్ను ఆ అరచెయ్యే ఎక్కువ బాధ పెట్టింది.

పోయిన నెల ఫోన్ చేసింది. "ఎప్పుడొస్తావు పాపా? వస్తే ఎంటనే పోవద్దు, తీరిగ్గా రా. కండ్లద్దాలు మర్సిపోకుండా తే." పింఛను కాగితమేదో చదివించుకోవడానికి అనుకున్నాను. రెండో శనివారం వస్తానన్నాను. ఆ శనివారం పోలేదు. తర్వాతి శనివారమూ పోలేదు.

మట్టి చేసిన మూడో రోజు, చుట్టాలు వెళ్లిపోయాక, మార్తమ్మ నా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. అట్ట నలిగింది. పేజీల మధ్య దూది నూగు. కడపటి పేజీల దగ్గర గుర్తుగా ఒక పత్తి పింజ పెట్టి ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది మార్తక్కా? ఆమె నలభై మూడో పేజీలో ఆపేసింది కదా" అన్నాను.

"యాడ ఆపింది? నువ్వు పోయిన వారానికే నాకు తెచ్చిచ్చింది. నేను బైబిలొకటి తప్ప ఇంకోటి సదివినదాన్ని కాదు. కూడబలుక్కోని వారానికి రెండు మూడు పేజీలు సదివేది. నాకు జరం వస్తే అదీ లేదు. ఆ ఏడ్సే మూడు పేజీలు మాత్రం దాటిపిచ్చింది. వద్దులే, పాప అది ఊరికే రాసింది, ముందరికి పో అనింది."

"అంత నచ్చలేదు కదా, మరి ఎందుకు చదివించుకుంది?"

"మేక కోసరం" అంది మార్తమ్మ. "సుగ్గికి పోయే పొద్దు ఆ పిల్ల ఒంటికొమ్ము మేకను పక్కింటోళ్ల గుంజకు కట్టేసి పోతాది గదా. ఆ మేక యేమాయనో, యేమాయనో అని ఒకటే పోరు. దినామూ అదే మాట."

నేను పింజ పెట్టిన పేజీ తెరిచాను. మార్తమ్మే అందుకుంది.

"ఇంకా పదకొండు పేజీలుండాయి. ఒక్కనాడే సదివేస్తాలే అంటిని. వద్దనింది. కడ పేజీలు రాసినోళ్ల నోటి నుంచే ఇనాల, పాప వస్తాది, కండ్లద్దాలు తెమ్మని సెప్పినాను అనింది. ఈ పింజ ఆమే పెట్టింది."

కండ్లద్దాలు నా సంచిలోనే ఉన్నాయి. తీసి పెట్టుకున్నాను. అత్త నులకమంచం మీద ఆమె దుప్పటి మడత పెట్టి ఉంది. ఎదురుగా నేను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. మార్తమ్మ గడప దగ్గర చతికిలబడింది. పింజ తీసి ఒళ్లో పెట్టుకుని, పదకొండు పేజీలూ గట్టిగా చదివాను. ఆడపిల్ల పరీక్ష పాసవుతుంది, అమ్మానాయనలు తిరిగి వస్తారు, బస్సు దిగి అందరూ ఇంటి తలుపు తీస్తారు. అయిపోయింది.

మార్తమ్మ ఇంకా నా మొహమే చూస్తోంది.

"మేక?" అంది.

పుస్తకం తిరగేశాను. నేను రాసిన పుస్తకమే, ప్రతి వాక్యం నాకు తెలుసు. అయినా పేజీలు వెనక్కి ముందుకు తిప్పి వెతికాను. మేక లేదు. ఇరవయ్యో పేజీలో గుంజకు కట్టేశాను, తర్వాత దాన్ని విప్పడం మర్చిపోయాను. ముసలాయన చెప్పుల రచయితను చూసి నవ్విన దాన్ని నేనే. రెండేళ్లు ఒక చదువురాని మనిషి, దగ్గుతూ, వారానికి రెండు మూడు పేజీల చొప్పున, ఆ మేక వెనకాల నడుచుకుంటూ వచ్చింది. నా ఏడుపులు దాటుకుని, నా రోషం కూడా దాటుకుని వచ్చింది.

"మర్చిపోయాను మార్తక్కా. రాయలేదు" అన్నాను.

నేను చెయ్యి చాపి మంచం మీది దుప్పటి ఒళ్లోకి లాక్కున్నాను. దాని నిండా వత్తులు చేసినప్పటి దూది అంటుకుని ఉంది. ఒక పోగు తీశాను. ఇంకొకటి తీశాను. మూసిన పుస్తకం అట్ట మీద పెట్టాను. కాసేపటికి అక్కడ చిన్న కుప్ప అయింది. నా చేతులు ఏం చేస్తున్నాయో అప్పుడు చూసుకున్నాను. ఆపలేదు.

మార్తమ్మ లేచి వచ్చి మంచానికి అవతలి పక్క కూర్చుంది. దుప్పటి రెండో అంచు తన ఒళ్లోకి తీసుకుని, ఒక దూదిపోగు ఏరి, నా కుప్పలో వేసింది.

"నేను సెప్పనా, ఆ మేక యాడికి పోయిందో?" అని మొదలుపెట్టింది.